సగంలో ఆగిన ట్యాంకులను మళ్లీ తెరిచి, కొన్ని పూర్తిచేసి, కొన్ని దాచిన వైనం (నా అనుభవం)

సగం కట్టి పక్కన పెట్టిన మోడల్ ట్యాంకును ఏళ్ల తర్వాత తెరిస్తే ప్లాస్టిక్ చాలావరకు పెట్టినట్టే ఉంటుంది. పాడయ్యేవి దాన్ని ఆనుకుని ఉన్న వస్తువులు: వినైల్ ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే పట్టా), రబ్బరు బ్యాండు, మాస్కింగ్ టేపు, డెకాల్ షీటు (నీళ్లలో నానబెట్టి మోడల్ మీదికి దించే గుర్తుల కాగితం), సీసాలోని రంగు. అవి పాడవుతూ పక్కనున్న ప్లాస్టిక్‌ను కూడా పాడుచేస్తాయి. ఈ జనవరిలో నాలుగు 1/35 (అసలు ట్యాంకులో 35వ వంతు) కిట్లు మళ్లీ బయటికి తీశాను: టైగర్ 1, టి-34/85, షెర్మన్ ఎం4ఏ3, పాంజర్ 4. మే నెలకి రెండు పూర్తయ్యాయి, రెండు మళ్లీ పెట్టెల్లోకి వెళ్లాయి. ఇలాంటి పెట్టెలు ఇంట్లో ఉండి, తెరవాలా వద్దా అని తటపటాయిస్తున్నవాళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పెట్టె మూత తీయగానే ఏదీ లాగకూడదు. ముందు పైనుంచి ఫోటో తీయాలి. విడిపోయిన చిన్న ముక్క ఎక్కడ పడి ఉందో చూస్తే అది ఏ భాగానిదో తెలిసిపోతుంది, ఒకసారి కదిపితే ఆ ఆధారం పోతుంది. తర్వాత అంచు ఉన్న తెల్లటి ట్రేలోకి ఒక్కొక్కటే తీసి పెట్టాను. ఖాళీ కవర్లను పారేసే ముందు వెలుతురుకి ఎత్తి చూడండి. రెండు మిల్లీమీటర్ల పనిముట్ల క్లాంపులు, హెడ్‌లైట్ అద్దాలు స్థిర విద్యుత్తు వల్ల కవరు లోపల అంటుకుని ఉంటాయి. షెర్మన్ హెడ్‌లైట్ గార్డు ఒకటి అలాగే దొరికింది. అట్టపెట్టె మడతల్లో కూడా వెతకాలి.

మొదటి దెబ్బ టైగర్‌లో కనిపించింది. మెత్తని వినైల్ ట్రాకు చుట్ట విప్పకుండా హల్ (ట్యాంకు మొండెం) వెనుక భాగం మీద ఆనుకుని ఉంది. ఎత్తితే సాగుతూ వచ్చింది, కింద ట్రాకు అచ్చు పడి ప్లాస్టిక్ నిగనిగలాడుతోంది. ఆ క్షణంలో ఈ కిట్ ఇక అయిపోయిందనే అనిపించింది, చాలాసేపు పెట్టె పక్కనే కూర్చుండిపోయాను. జరిగేది ఇది: వినైల్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ నెమ్మదిగా బయటికి ఊరుతుంది, ఆనుకున్న పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. రంగు పూత ఉన్నా ఆపలేదు, కొంత ఆలస్యం చేస్తుందంతే. చక్రాలకు తొడిగి వదిలేసిన ట్రాకుల కింద రోడ్ వీల్ అంచులు కూడా ఇలాగే గాడి పడతాయి. జీపులు, ట్రక్కుల వినైల్ టైర్లకూ, ప్లాస్టిక్ రిమ్ములకూ ఇదే కథ.

బాగుచేసే క్రమం ఇలా సాగింది. ట్రాకు తీసేశాక ఆ చోటును గోరువెచ్చని సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగాను. జిగటగా ఉన్న పైపొరను వంపు బ్లేడుతో అడ్డంగా గీకి తీసేశాను. తర్వాత రెండు వారాలు గాలి తగిలేలా వదిలేశాను, ఎందుకంటే లోపలికి దిగిన నూనె బయటికి రానిదే మీద ఏ పూతా నిలవదు. గోటితో నొక్కితే గుర్తు పడడం మానేశాకే గుంటలు నింపాలి. ఇక్కడ ట్యూబులో వచ్చే లక్కర్ పుట్టీ వద్దు, అందులోని సాల్వెంట్ ఆ మెత్తబడిన చోటును మళ్లీ కరిగిస్తుంది. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీ వాడాను, ఒక పూట గట్టిపడనిచ్చి 400, 600, 1000 నంబరు వెట్ సాండ్‌పేపర్లతో వరసగా రుద్దాను. వెనుక పలక మీద బోల్టు తలలు పోయాయి. వాటిని స్ప్రూ (కిట్ ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద మిగిలిన వాడని ముక్కల నుంచి కోసి అతికించాను. వాడని ముక్కలు పారేయొద్దని పాత చేతులు చెప్పేది ఇందుకే.

టి-34 సంగతి వేరు. అతికించిన టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) రెండు సగాలను పట్టి ఉంచిన రబ్బరు బ్యాండు ఆరిపోయి, పగిలి, అంటుకుపోయింది. దాన్ని పొడిగా గోకితే ప్లాస్టిక్ గీరుకుపోతుంది. లైటర్‌లో పోసే నాఫ్తాను దూదిపుల్లకు కొద్దిగా అద్ది, కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని తుడిస్తే ముద్దలా ఊడి వచ్చింది. పాంజర్ 4 మీద మిగిలిపోయిన మాస్కింగ్ టేపు జిగురుకీ అదే మందు. అక్రిలిక్ రంగు దానికి తట్టుకుంది, ఎనామిల్ ఉన్న చోట అడుగు భాగంలో ముందు పరీక్షించి చూడాలి. టేపును పైకి కాకుండా దాని మీదికే వెనక్కి మడిచి, నేలబారుగా లాగితే రంగు పొర లేచిపోదు.

దుమ్ము దులపడానికి మెత్తని మేకప్ బ్రష్షు, చేత్తో నొక్కే గాలి బల్బు సరిపోతాయి. ఆ తర్వాత ఒక గిన్నె గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చుక్కల పాత్రల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్షుతో హల్ మొత్తం కడిగాను. నీళ్లు చేతికి హాయిగా ఉన్నంత వేడి చాలు, సలసల కాగే నీళ్లు పలుచని ఫెండర్లను వంచేస్తాయి. సూపర్ గ్లూతో అతికిన ఇత్తడి రేకు ముక్కలు ఈ కడగడంలోనే ఊడతాయి, అందుకే గిన్నె అడుగున జల్లెడ ఉంచాలి. వాటి గురించి బాధపడనక్కర్లేదు. సూపర్ గ్లూ కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. వేడికీ చలికీ ఇత్తడి ఒకలా, ప్లాస్టిక్ ఒకలా సాగి కుంచించుకోవడంతో ఆ అతుకు తెగుతుంది. ఎలాగూ ఊడేది రంగు వేసిన తర్వాత కంటే ముందే ఊడడం నయం. ఊడిన ఇత్తడి ముక్కలను విడిగా చిన్న గాజు గిన్నెలో అసిటోన్‌లో నానబెడితే పాత గ్లూ వదిలిపోతుంది. అసిటోన్ చుక్క ప్లాస్టిక్ మీద మాత్రం పడకూడదు. మళ్లీ అతికించేటప్పుడు రబ్బరు కలిపిన నల్ల సూపర్ గ్లూ వాడాను, అది కొంచెం వంగుతుంది కాబట్టి నిలుస్తోంది.

వస్తువుల కంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టింది జ్ఞాపకం. ఏ స్టెప్పు దాకా వచ్చింది? కిట్‌లో రెండు మూడు రకాల వాహనాలు కట్టే వీలుంటే ఏ రకం ఎంచుకున్నట్టు? ఇన్‌స్ట్రక్షన్ షీటు మీద టిక్కులు ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. అన్నింటికంటే చికాకు పెట్టేవి లోపలి వైపు నుంచి వేయాల్సిన రంధ్రాలు. పై హల్ అతికించక ముందే 0.8 లేదా 1 మిల్లీమీటరు డ్రిల్లుతో వేయమని షీటు చెబుతుంది. మూసేశాక అవి వేశామో లేదో పైనుంచి తెలియదు. హల్ లోపల టార్చి పెట్టి, గది చీకటి చేసి చూస్తే రంధ్రాలు వెలుగు చుక్కల్లా కనపడతాయి. షెర్మన్‌లో రెండు తక్కువున్నాయని అలాగే తేలింది. స్థానాలు కొలిచి బయటి నుంచే వేశాను.

ముక్కల లెక్కకి ఒక పూర్తి ఆదివారం పోయింది. షీటులోని స్ప్రూ పటం మీద, చట్రంలో ఇంకా ఉన్నవాటికి పెన్సిలుతో సున్నా, హల్‌కి అతికినవాటికి టిక్కు, రెండూ కానివాటికి ఎర్ర గీత. ఎర్ర గీతలు అయిదారు లోపు ఉంటే కిట్ పూర్తిచేయొచ్చు: హ్యాండిళ్లను 0.5 మిల్లీమీటర్ల ఇత్తడి తీగతో వంచి చేసుకోవచ్చు, యాంటెన్నాను కొవ్వొత్తి వేడికి సాగదీసిన స్ప్రూతో చేయొచ్చు. చక్రం పోతేనో, పారదర్శక భాగం పోతేనో అదే స్ప్రూ చట్రం విడిగా తెప్పించాలి. ఈ లెక్క చూసుకునే టైగర్, షెర్మన్ పూర్తిచేయాలనీ, టి-34, పాంజర్ 4 దాచాలనీ నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి అంతా అతుకుల మీదే గడిచింది. పుట్టీ ఏళ్ల తరబడి ఎండుతూ కుంచించుకుంటుంది. అప్పట్లో నున్నగా అనిపించిన గన్ బారెల్ అతుకు, టరెట్ అతుకు ఇప్పుడు సన్నని గాడిలా మళ్లీ బయటపడతాయి. పైన రంగు ఉన్నా సరే వేలిగోరు అడ్డంగా నడిపితే తగులుతుంది. పలుచని ప్లాస్టిక్ సిమెంటు కుంచెతో అంచుకు తాకిస్తే గాడిలోకి తనే పారుతుంది, గట్టిగా నొక్కి ఒక రోజు వదిలేశాను. మిగిలినదానికి మిస్టర్ సర్ఫేసర్ 500 (సన్నని గాడులు నింపే చిక్కటి ప్రైమర్), ఆరాక రుద్ది, 1000తో మళ్లీ ఒక పూత. పాత సిమెంటు సీసా సంగతి: తమియా ఎక్స్‌ట్రా థిన్‌లో ఉండేవి బ్యూటైల్ అసిటేట్, అసిటోన్. మూత సరిగా బిగించకపోతే అసిటోన్ ముందు ఎగిరిపోతుంది, మిగిలింది అతికిస్తుంది గానీ నెమ్మదిగా. కొత్త సీసా కొనడమే మేలు.

రంగుల పెట్టె తెరిస్తే మూడు రకాల స్థితులు. అక్రిలిక్ చిక్కబడి ఉంటే దాని థిన్నర్ చుక్కలు చుక్కలుగా కలిపి, స్టీలు గోలీ ఒకటి వేసి ఊపితే బతుకుతుంది. రబ్బరు ముద్దలా మారితే బతకదు, ఎంత ఖరీదైన థిన్నర్ పోసినా పలుకులే మిగులుతాయి, ఎయిర్‌బ్రష్ నాజిల్ మూసుకుపోతుంది. ఎనామిల్ డబ్బాలో పైన మీగడ కట్టి ఉంటే దాన్ని లోపలికి కలపకూడదు, అంచు చుట్టూ కోసి చుట్టలా ఎత్తి పారేస్తే కింద మంచి రంగు ఉంటుంది. ఎలాగైనా నైలాన్ మేజోడు గుడ్డలో వడకట్టాకే ఎయిర్‌బ్రష్‌లో పోశాను.

టైగర్ మీద పాత డార్క్ ఎల్లో సగం వరకే ఉంది. మిగతా సగాన్ని అదే నంబరు కొత్త సీసాతో, తమియా ఎక్స్ఎఫ్-60తో, కలపాలని చూస్తే తేడా స్పష్టంగా తెలిసింది. దుమ్ము, వెలుతురు, పాత కలగలుపు నిష్పత్తి, అన్నీ కలిసి పాత పూత కొద్దిగా బూడిద రంగుకు తిరిగింది. అతుకులు వేసి కలిపే ప్రయత్నం మానేసి, 1500 పేపరుతో తేలికగా రుద్ది, ప్రైమర్ నుంచి మొదలుపెట్టి మొత్తం మళ్లీ వేశాను. నిజమైన జర్మన్ ట్యాంకులకు ఈ పసుపు 1943 ఫిబ్రవరి ఉత్తర్వులతో వచ్చింది. అంతకు ముందువి ఎక్కువగా ముదురు బూడిద రంగులో ఉండేవి. డెకాల్ షీటులో ఏ యూనిట్, ఏ నెల గుర్తులున్నాయో రంగుకు ముందే చూసుకోవాలి. పాత పూత మందంగా, కుంచె చారలతో ఉంటే రుద్దడం కంటే తీసేయడమే సుఖం: అక్రిలిక్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి టూత్‌బ్రష్షుతో తోమితే చాలు.

ట్రాకుల ఖర్చు ముందుగా అనుకోనిది. కరిగించిన పాత వినైల్ మళ్లీ వాడే మాటే లేదు. విడి లింకుల ప్లాస్టిక్ సెట్టు కిట్ ధరలో సగం దాకా అవుతుంది, లోహపు సెట్టయితే కొన్నిసార్లు కిట్‌తో సమానం. టైగర్‌కి ఒక్కో వైపు 96 లింకులు, షెర్మన్‌కి 79. దాచినవాటిలో టి-34కి 72, పాంజర్ 4కి 99. ఒక్కో లింకుకి మూడు నాలుగు గేటు గుర్తులు (చట్రం నుంచి కోసిన చోట మిగిలే మొటిమలు) రుద్దాలి, ఈ లెక్క వేసుకుంటే ఎన్ని సాయంత్రాలు పోతాయో అర్థమవుతుంది. పద్ధతి ఇది: అల్యూమినియం స్కేలు ఆనించి పది పన్నెండు లింకులు వరసగా పేర్చి, పలుచని సిమెంటు తాకించి, అరగంట ఆగాలి. అప్పటికి అతుకు పట్టి ఉంటుంది కానీ వంగుతుంది. అప్పుడే చక్రాల చుట్టూ వేసి, పైన వేలాడే చోట దూది కూరి కుంగు తెచ్చి, రాత్రంతా వదిలేయాలి. స్ప్రాకెట్‌ని (ట్రాకును తిప్పే పళ్ల చక్రాన్ని) అతికించకుండా ఉంచితే రంగు వేయడానికి ట్రాకు మొత్తాన్ని మాలలా బయటికి తీయొచ్చు. టైగర్ రెండో వైపు ట్రాకు సరిగ్గా కుంగి చక్రాల మీద కూర్చున్న రాత్రి కలిగిన సంతోషం ఇంకా తాజాగా ఉంది. ఆ వాహనం బరువు మొదటిసారి కనిపించింది అక్కడే.

డెకాల్స్ దగ్గర ఓపిక కావాలి. షీటు పసుపెక్కితే జిప్ కవరులో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి టేపుతో అంటించాలి. మార్చి మధ్యలో పెట్టాను, మూడో వారానికి పారదర్శక అంచులు తెల్లబడ్డాయి. ఆ తర్వాతి ప్రమాదం నీళ్లలో వేయగానే ముక్కలు కావడం. అక్కర్లేని గుర్తు ఒకటి కోసి ముందు పరీక్షించాను, అది నాలుగు ముక్కలైంది. అప్పుడు మైక్రోస్కేల్ లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ షీటు అంతటా ఒక పూత వేసి, ఒక రోజు ఆరనిచ్చాను. ఇలా చేస్తే షీటు మొత్తం ఒకే పొర అవుతుంది కాబట్టి ప్రతి గుర్తునూ అంచుకు దగ్గరగా కత్తిరించుకోవాలి. కింద నిగనిగలాడే (గ్లాసీ) వార్నిష్, దాని మీద డెకాల్ అంటుకోవడానికి మైక్రో సెట్, కూర్చున్నాక దాన్ని మెత్తబరిచే మైక్రో సోల్. సోల్ పడగానే డెకాల్ ముడతలు పడుతుంది, అప్పుడు ముట్టుకోకూడదు. ఆరేసరికి తనే సర్దుకుంటుంది.

వాష్ (సందుల్లోకి పారించే పలుచని ముదురు రంగు) విషయంలో ఒక హెచ్చరిక. ఎనామిల్ వాష్‌లోని వైట్ స్పిరిట్ బిగువుగా ఉన్న ప్లాస్టిక్ పగుళ్లలోకి దిగితే ముక్క టక్కున విరుగుతుంది. బలవంతంగా దూర్చిన ఇరుసులు, సాగదీసి తొడిగిన ట్రాకులు లాగే సస్పెన్షన్ ఆర్ములు (చక్రాలను మోసే కడ్డీలు) ముఖ్యంగా. ఏళ్లుగా అదే బిగువులో ఉన్న పాత హల్‌లో ఈ భయం ఎక్కువ. అక్కడ వార్నిష్ పూర్తిగా కప్పి ఉండాలి, వాష్ పారించకుండా సన్నని కుంచె కొనతో తాకించాలి.

ఏప్రిల్ చివరికి రెండూ పూర్తయ్యాయి. పూర్తయినవాటిని వెంటనే పెట్టెలో మూయకూడదు. అక్రిలిక్ ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపలి సాల్వెంట్ ఇంకా వదులుతూనే ఉంటుంది, ఎనామిల్, నూనె రంగులైతే మరీ నెమ్మది. దుమ్ము పడకుండా అట్ట గూడు కింద రెండు మూడు వారాలు వదిలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకపోతేనే లోపలికి.

ఇక దాచడం. నాకు తెలిసినంతలో అన్నింటికంటే మేలు చేసే పని, హల్ ఇంకా తెరిచి ఉండగానే అడుగున లోపలి వైపు ఎం3 (మూడు మిల్లీమీటర్ల స్క్రూకి సరిపోయే) నట్టు ఒకటి ఎపాక్సీతో అతికించడం. చెక్క పలక కింది నుంచి స్క్రూ బిగిస్తే మోడల్ పలకకి పట్టుకుని ఉంటుంది, పెట్టె ఊగినా చక్రాల మీద బరువు పడదు, చేతులు పెయింటుకి తగలవు. టి-34కీ, పాంజర్‌కీ అలాగే చేశాను. టరెట్ తిప్పి ఎత్తి విడిగా పెట్టాలి, బారెల్ ఊడేదైతే దాన్నీ తీయాలి. యాంటెన్నాలు ఎప్పుడూ చివరి మజిలీలోనే అతికించాలి.

చుట్టడానికి బుడగల ప్లాస్టిక్ వద్దు, కొత్త రంగు మీద గుండ్రటి గుర్తులు శాశ్వతంగా మిగులుతాయి. పసుపు రంగు మెత్తని పాలీయురెథేన్ స్పాంజి కొన్నేళ్లకు జిగట పొడిగా రాలుతుంది. తెల్లటి పాలీథీన్ ఫోమ్ షీటు, యాసిడ్ లేని టిష్యూ కాగితం సురక్షితం. పీవీసీ కవర్లకూ వినైల్ ట్రాకుకున్న జబ్బే, కాబట్టి జిప్ కవర్లు పాలీథీన్‌వే తీసుకోవాలి. వినైల్ భాగాలు ఒక కవరు, డెకాల్స్ మైనపు కాగితం మధ్య పెట్టి ఇంకో కవరు, ఇత్తడి రేకులు వంగకుండా రెండు అట్టల మధ్య మూడోది, రెజిన్ భాగాలు ఒంటరిగా, మీద బరువు లేకుండా. సీసం కలిసిన తెల్లలోహపు ముక్కలుంటే చెక్క అల్మరాలో పెట్టొద్దు. కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లకు అవి తెల్లటి పొడి కడతాయి. ఆ పొడి విషం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

గట్టి మూత ఉన్న పది లీటర్ల డబ్బాకి యాభై గ్రాముల సిలికా జెల్ వేస్తున్నాను. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చకి తిరిగితే తేమ నిండినట్టు, 110 నుంచి 120 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ నారింజ అవుతాయి. తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు, ఇంకా ఎండగట్టాల్సిన పని లేదు. ఎండాకాలం కాలిపోయే అటక, గోడ చెమ్మ దిగే మూల రెండూ వద్దు. మనుషులు ఉండే గదిలో, నేలకి ఎత్తుగా, కిటికీకి దూరంగా.

ప్రతి డబ్బాలో ఒక కార్డు ఉంది: ఎన్నో స్టెప్పులో ఆగింది, ఏ రకం, ఏ రంధ్రాలు వేశాను, రంగుల నంబర్లు, థిన్నర్ నిష్పత్తి, లేని ముక్కల నంబర్లు. మూత బయట తేదీ, లోపలున్న వాటి ఫోటో. టి-34 కార్డు మీద చివరి గీత: టరెట్ అతుకు రెండో పూత సర్ఫేసర్ వేశాను, ఇంకా రుద్దలేదు. కార్డును పెన్సిలుతోనే రాయాలి, కొన్ని పెన్నుల సిరా తేమకు పాకి పక్క కాగితానికీ, డెకాల్ షీటుకీ అంటుతుంది.